గిద్దలూరుకు తెప్పించిన బండి

మా దుకాణంలో గల్లా పైన గోడకు ఒక బోర్డు ఉంది. "ఆన్‌లైన్ రేట్లు ఇక్కడ చెప్పరాదు" అని ఎర్ర రంగుతో రాయించింది మా ఆయనే. మార్కాపురం బజారులో స్టీలు సామాన్ల దుకాణం మాది, మామగారి కాలం నుంచీ ఉంది. బిందెలు, డేగిసాలు, గిన్నెలు, ఈమధ్య కుక్కర్లు, మిక్సీలు. ఫోను ముఖం మీద పెట్టి "ఇందులో ఇంకా తక్కువ ఉందే" అనేవాళ్లతో రోజూ వాదించి వాదించి, నోటితో చెప్పే ఓపిక పోయి ఆ బోర్డు పెట్టించాడు.

ఆయనకు ఆన్‌లైన్ అంటే ఎంత మంటో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ఒకసారి కొనకనమిట్ల వైపు నుంచి ఒక పెద్దావిడ కుక్కరు సంచిలో పెట్టుకుని వచ్చింది. మూతకు రబ్బరు పోయింది, వేసి ఇమ్మంది. కుక్కరు మా దగ్గర కొన్నది కాదు, కొడుకు ఫోన్‌లో తెప్పించాడట. "కొనేటప్పుడు ఫోను గుర్తుకొచ్చింది, రబ్బరు పోతే నేను గుర్తుకొచ్చినానా పెద్దమ్మా?" అని మొదలుపెట్టాడు. రబ్బరు వేశాడు, కాదనలేదు. కానీ ఆమె బస్సు వేళ అయ్యేదాకా ఊళ్లో దుకాణాలు ఎట్లా మూతపడతాయో, అప్పుడు ఎవరు ఎక్కడికి పోవాలో ఉపన్యాసం ఇచ్చాడు. ఆమెకు నేను మంచినీళ్లు ఇచ్చాను. పక్క బట్టల కొట్టాయన మా మెట్ల మీద కూర్చుని మొత్తం విన్నాడు. ఆయన ఒకసారి విన్నది మరిచిపోయే మనిషి కాదు.

ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత మా అమ్మాయికి ఒక బండి కొనాల్సి వచ్చింది. అది ఆన్‌లైన్‌లో తప్ప ఎక్కడా దొరకలేదు.

అప్పుడు అమ్మాయికి పదేళ్లు, ఐదో తరగతి. అంతకు కొంతకాలం ముందు మోకాళ్లు వాచాయి. మా వైపు మోకాళ్ల నొప్పి అంటే ఎవరూ డాక్టరు పేరు చెప్పరు, నీళ్ల సంగతి అడుగుతారు. ఏ ఊరి బోరు, ఎన్నాళ్లు తాగారు అంటారు. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం, మాకు అదే తోచింది. పిల్ల వేసవి సెలవులకు మా పుట్టింటికి, పామూరు పక్క పల్లెకు, వెళ్లి వచ్చింది. తప్పంతా ఆ ఊరి బోరు మీదికి పోయింది. మా అమ్మ ఫోన్‌లో ఏడ్చి, మరుసటి రోజు నుంచి క్యాను నీళ్లు తెప్పించడం మొదలుపెట్టింది. మేమూ వంటకు సహా క్యాను నీళ్లే వాడాం. అన్నం క్యాను నీళ్లతో ఉడికింది, పప్పు క్యాను నీళ్లతో ఉడికింది, మోకాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. తర్వాత మణికట్లు వాచాయి. వేళ్ల కణుపులు వాచాయి. పెన్సిలు పట్టుకుంటే నొప్పి అని రాత మానేసింది.

చివరికి గుంటూరులో కీళ్ల డాక్టరమ్మ చూసి ఇది నీళ్ల జబ్బు కాదన్నారు. పిల్లలకూ కీళ్లవాతం వస్తుందట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ల మీద పడుతుందట. మాత్రలు, రక్తపరీక్షలు, రోజూ వ్యాయామం అన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. తిరుగు బస్సులో సీటు మీద సంచి పెట్టుకున్న ఒకాయనతో వినుకొండ దాకా పోట్లాడాను.

ఈ జబ్బు తీరు చెబితే ఎవరూ నమ్మరు. పొద్దున లేస్తే కీళ్లన్నీ బిగుసుకుపోయి ఉంటాయి, మంచం దిగడమే పెద్ద పని. ఎండ ముదిరేకొద్దీ ఒళ్లు వదులవుతుంది. సాయంత్రం చూస్తే మామూలు పిల్ల. సాయంత్రం చూసినవాళ్లు "బాగానే ఉందే" అంటారు, పొద్దున చూసినవాళ్లు "అయ్యో" అంటారు. రెండూ వినలేక, దుకాణంలో ఎవరు పిల్ల సంగతి ఎత్తినా "డేగిసా ఏ సైజు కావాల?" అనేదాన్ని. దానివల్ల నాకు పొగరు అని పేరు వచ్చింది. వస్తే వచ్చింది.

బడి పెద్ద దూరం కాదు. మా ఇంటి నుంచి బజారు దాటి మలుపు తిరిగితే వచ్చేస్తుంది. కానీ బడి గంట కొట్టేది పిల్ల కాళ్లు పని చేయని వేళకు. ఆయన మోటారు సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. ఎక్కడం ఒక బాధ, దిగడం ఇంకో బాధ. చంకల కింద చేతులు వేసి ఎత్తి, అట్లాగే క్లాసు దాకా మోసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేవాడు. పదేళ్ల పిల్ల. క్లాసంతా చూస్తుంది. కొన్నాళ్లకు పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

"నడవగలిగినంత నడవనివ్వండి. నడవలేని రోజున బడి మాత్రం మానిపించొద్దు" అన్నారు డాక్టరమ్మ. వినడానికి తేలిక. పిల్ల వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉండేది. నొప్పితో మొదలైన బడి మానడం మెల్లగా అలవాటుగా మారుతోంది. ఆడుకోవడానికి వచ్చే పిల్లలు రావడం తగ్గింది. నాకు భయం వేసింది అక్కడే. మోకాళ్లకు మాత్రలున్నాయి, ఇంట్లో ఉండిపోవడానికి లేవు.

ముందు చక్రాల కుర్చీ ప్రయత్నించాం. తెలిసిన మందుల షాపాయన వాడి చూడమని ఇచ్చాడు. అది పెద్దవాళ్ల కుర్చీ. పిల్ల అందులో ఒక మూలకు ఒరిగి కూర్చుంది, కాళ్లు కింద అందలేదు. చక్రాలు తిప్పడానికి మణికట్లు సహకరించలేదు. మా ఇంటి మెట్ల దగ్గర దాన్ని దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. సాయంత్రానికి తిరిగి ఇచ్చేశాం. డాక్టరమ్మను ఫోన్‌లో అడిగితే, వెనక నుంచి తోసే బండ్లు ఉంటాయి, చంటిపిల్లలవి కాదు, పెద్ద పిల్లల స్ట్రోలర్ అని వెతకండి అన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బజారు కునుకు తీస్తుంది. ఆ వేళలో మా ఆయన గల్లా దగ్గర కూర్చుని, సరిగ్గా ఆ బోర్డు కింద, ఫోన్‌లో స్ట్రోలర్లు చూసేవాడు. పక్క కొట్టాయన కంటబడకుండా ఫోను గోడ వైపు తిప్పి పట్టుకునేవాడు. సరుకు చేత్తో ముట్టకుండా కొనడం ఆయన జన్మలో లేదు. బిందె కొనాలంటే వేలి కణుపుతో తట్టి, ఆ చప్పుడుతోనే రేకు మందం చెప్పేస్తాడు. ఫోన్‌ను తట్టి ఏం చెబుతాడు? బొమ్మ పెద్దది చేసి చూసేవాడు, చిన్నది చేసి చూసేవాడు, నిట్టూర్చేవాడు.

తట్టడానికి లేదు కాబట్టి తూకం మీద పడ్డాడు. స్టీలు మేం తూకం మీద అమ్ముతాం, బరువున్నదే గట్టిదని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "ఇది తేలిగ్గా ఉంది, వద్దు. ఇది చూడు, మంచి బరువుంది" అనేవాడు. దాన్ని రోజూ ఎత్తి దించేది ఎవరు అని అడిగాను. "నేను లేనా?" అన్నాడు. సరే అని, దుకాణంలో కాటా మీద డేగిసాలు పేర్చి, ఆయన మెచ్చిన బండి ఎంత బరువో అంత తూచి, తాడుతో కట్టి చేతికిచ్చాను. మెట్లు దిగి ఎక్కమన్నాను. దిగి ఎక్కాడు. మళ్లీ దిగమన్నాను. మూడోసారికి డేగిసాలు కింద పెట్టి నడుము పట్టుకున్నాడు. నేను మెచ్చినదాని బరువు కట్టి నేనే ఎత్తి చూపించాను. పక్క కొట్టాయన నిద్ర కళ్లతో వచ్చి "ఏంది బావా, ఏం పని ఇది?" అన్నాడు. "స్టాకు సర్దుతున్నాం" అన్నాడు మా ఆయన.

కొలతలు ఇంట్లో తీసుకున్నాం. పిల్లను నేల మీద గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఇటు అటు బలపంతో గీతలు గీసి, టేపు పెట్టాం. మోకాలి నుంచి మడమ దాకా, నడుము నుంచి తల దాకా. ఆయన ప్రతి కొలతకూ కాస్త కలిపాడు. ఎదిగే పిల్ల, రేపటికి చాలదు అన్నాడు. బట్టలు, చెప్పులు అన్నీ అట్లాగే కొంటాం మరి. పిల్ల మాత్రం ఒప్పుకోలేదు.

"నేను కూచ్చునేది ఇప్పుడు గదా నాయనా. వదులుగా ఉంటే ఆ కుర్చీలో మాదిరి పక్కకు పడిపోతా" అంది.

కలిపినది తీసేశాడు. అప్పటినుంచి ఎంపిక నెమ్మదిగా పిల్ల చేతిలోకి పోయింది, నాకు అది నచ్చింది. మొదట ఆమె పెట్టిన షరతు, బాతు బొమ్మలు ఉండకూడదు. గులాబీ రంగు అసలే వద్దు. తర్వాతవి తెలివైన షరతులు. కాళ్లు పెట్టుకునే పలక పైకి మడవడానికి వీలుండాలి, అప్పుడే ఎవరూ ఎత్తకుండా తనే దిగగలదు. బెల్టుకు నొక్కి తీసే బకిల్ ఉండకూడదు, ఆ వేళ్లతో అది నొక్కలేదు. లాగితే ఊడివచ్చేది కావాలి. ఒక్కో బండి వీడియో పెట్టుకుని, బెల్టు తీసే చోట ఆపి ఆపి చూసేది. ఆయన మా బజారులో మురుగు కాలవల మీద పరిచిన రాతి బండల మధ్య సందులు కొలుచుకుని వచ్చి, చిన్న చక్రాలవన్నీ కొట్టేశాడు. నాకు కావలసింది ఒంటి చేత్తో మడిచే వీలు, ఇంకో చేతిలో బడి సంచి ఉంటుంది కాబట్టి. ఇన్ని షరతులు పోను మిగిలింది ఒక్కటే. ముదురు నీలం రంగుది. గొడుగు మడిచినట్టు మడుచుకుంటుంది.

ఆ రోజు ఇంట్లో పండగ వాతావరణం. పిల్ల ఆ బొమ్మను నా ఫోన్‌లో పెట్టించుకుని రోజూ చూసుకుంది. అది వస్తే బడికి ఎన్నింటికి బయలుదేరాలో కూడా లెక్క వేసుకుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు మా ఆయన అడ్రసు దగ్గర ఆగిపోయాడు. పిల్ల బడిలో ఉంది, దుకాణంలో మేమిద్దరమే. కాసేపు ఆలోచించి, గిద్దలూరులో ఉండే వాళ్ల చెల్లెలి అడ్రసు కొట్టాడు.

"అక్కడికెందుకు?" అన్నాను.

"పెద్ద డబ్బా వస్తుంది. బజారులో అందరి ముందర దించుతారు. ఇన్నాళ్లు నేను ఊరందరికీ చెప్పినదంతా ఏమయిపోవాల? కొనకనమిట్ల దాకా పోతుంది ఈ మాట."

నాకు నవ్వు వచ్చింది. ఆయన రోషం ఆయనది, దాంతో నాకు నష్టం ఏముంది అనుకున్నాను.

డబ్బా వచ్చిందని చెల్లెలు ఫోన్ చేసింది. ఆదివారం ముగ్గురం కంభం మీదుగా బస్సులో గిద్దలూరు వెళ్లాం. ఆడబిడ్డ మా పిల్ల చేతే డబ్బా విప్పించింది. ఆయన ముందుగా బండి గొట్టాన్ని వేలితో తట్టి, తల పక్కకు వంచి విన్నాడు. "పర్వాలేదు" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

పిల్ల ఎక్కి కూర్చుంది. బెల్టు పెట్టుకుని, తనే లాగి తీసింది. పలక మడిచి దిగింది. మళ్లీ ఎక్కింది. ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కడం, దిగడం, అదొక ఆటగా చేసింది. వాళ్ల వీధిలో సిమెంటు రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా తోశాను. జుట్టు ఎగురుతుంటే నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైందని అప్పుడు తెలిసింది నాకు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, దుమ్ము మీదికి నెట్టేశాను.

భోజనాల దగ్గర ఆడబిడ్డ పప్పు వడ్డిస్తూ మేనకోడలితో సరదాగా అంది. "మీ నాయన ఎన్నిసార్లు ఫోన్ చేసినాడో తెలుసా? ఇది వచ్చినట్టు ఎవరికీ చెప్పగాకు, మార్కాపురంలో ఒక్కరికి గూడ తెలియగూడదు అని ఒకటే నస."

అందరం నవ్వాం. పిల్ల బండిలోనే కూర్చుని తింటోంది. కాసేపటికి పలక మడిచి దిగి, మాతో పాటు చాప మీద కూర్చుంది. కింద కూర్చోవడం ఆమెకు కష్టం. నేను చూశాను, అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెల్లెలి దగ్గర పాత దుప్పటి అడిగి, మడిచిన బండికి చుట్టూ చుట్టి, తాడు కట్టాడు. మార్కాపురం బస్టాండులో దిగాక ఆటో వాడు "ఏందన్నా ఇది?" అంటే "మంచం పట్టీలు" అన్నాడు. అమ్మాయి అన్నీ వింటోంది. ఇంటిదాకా మాట్లాడలేదు. అలసిపోయింది అనుకున్నాం.

సోమవారం పొద్దున బండి విప్పి వాకిట్లో పెడితే, నడుస్తా అంది. మంచిదే కదా అని నడవనిచ్చాం. మంగళవారం కూడా నడుస్తానంది. బజారులో మూసి ఉన్న షట్టర్లు ఒక్కొక్కటీ పట్టుకుంటూ, పక్క కొట్టు మెట్ల మీద కూర్చుని లేస్తూ బడికి చేరింది. మోటారు సైకిల్ కూడా వద్దంది. బండి తలుపు వెనక, దుప్పటి కింద ఉండిపోయింది. గురువారం మోకాలు ఎర్రగా వాచి లేవలేకపోయింది. శుక్రవారం బడి లేదంది. బడి ఉంది.

అప్పుడు నాకు సహనం పోయింది. గట్టిగానే అరిచాను.

"అన్నీ నువ్వే చూసుకుంటివి. బాతులు వద్దంటివి, బెల్టు లాగేది కావాలంటివి. ఇప్పుడు ఏంది నీకు? ఎందుకు ఎక్కవు?"

పిల్ల మంచం మీద నుంచే గోడ వైపు చూసి, మామూలు గొంతుతో చెప్పింది. "నేను దాంట్ల కూచ్చుంటే మీకు నామోషీ గదా. ఎవరికీ తెలియగూడదని అత్తతో చెప్పినాడు గదా నాయన. దుప్పటి గూడ కప్పినాడు."

ఆయన ఇడ్లీ తింటున్నాడు. పళ్లెం పక్కకు జరిపాడు. ఆదివారం నుంచీ ఈ మాట లోపల పెట్టుకుని, వాచిన మోకాళ్లతో, మా పరువు కాపాడడానికి నడిచిందన్నమాట.

"నీ గురించి కాదు నాయనా" అన్నాడు ఆయన మెల్లగా. మా వైపు ఆడపిల్లను కూడా ముద్దుగా నాయనా అంటాం. "దాన్ని ఆన్‌లైన్ల కొన్నానని నామోషీ. అంతే."

"దానికి నామోషీ ఏంది? అందరూ కొంటారు గదా."

"మనం కొనం గదా. బోర్డు పెట్టినాం గదా. అందరూ నగుతారని."

పిల్ల ఆయన్ను చాలాసేపు చూసింది. దుకాణంలో పుట్టి పెరిగిన పిల్ల, ఎదుటి మనిషి మాటలో నిజం ఎంతుందో చూడడం ఆమెకూ వచ్చు.

"నిజంగా అదేనా?"

"అదే."

"అట్లయితే ఇప్పుడు పోదాం. నువ్వే తోయాల."

ఆయన లేచాడు. దుప్పటి తీసి బండి విప్పాడు. విప్పుతూ విప్పుతూ, "వెనక సందు మీద అయితే దగ్గర గదా" అన్నాడు.

పిల్ల మంచం మీద తన దుప్పటి మెడదాకా లాక్కుంది. నేను ఆయన వైపు చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నోసార్లు కోపంగా చూశాను గానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. ఆయన తల దించుకుని వెళ్లి చేయి కడుక్కున్నాడు. దండెం మీది తెల్ల చొక్కా తీసి వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"బజారు మీదనే పోదాం, లెయ్" అన్నాడు.

ఈ గొడవలో ఆలస్యమైంది, అప్పటికి బజారు తెరిచే వేళ. షట్టర్లు లేస్తున్నాయి, ముందర నీళ్లు చల్లుతున్నారు, ప్రతి దుకాణం యజమానీ వాకిట్లోనే ఉన్నాడు. దాగడానికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. ఆయన తోస్తున్నాడు, నేను బడి సంచి పట్టుకుని వెనక నడుస్తున్నాను. పిల్ల వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో గట్టిగా పట్టుకుంది.

మొదట ఎదురైంది పక్క బట్టల కొట్టాయనే. చీపురు పట్టుకుని నిలబడి బండిని ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు. చక్రాన్ని కాలితో తాకాడు.

"బలే ఉందే బావా. యాడ కొన్నావు?"

హైదరాబాదు అంటే అయిపోతుంది. ఎవరూ వెళ్లి విచారించరు. ఆ మాటే అంటాడనుకున్నాను. పిల్ల కూడా అదే అనుకుందేమో, తల వెనక్కి వంచి కింద నుంచి ఆయన ముఖం చూసింది.

"ఆన్‌లైన్ల" అన్నాడు మా ఆయన.

"యాడ?"

"ఆన్‌లైన్ల తెప్పించినా బావా. గిద్దలూరులో మా చెల్లెలి ఇంటికి తెప్పించి, దుప్పటి కప్పి తెచ్చినా. మీరంతా నగుతారని."

బట్టల కొట్టాయన చీపురు కింద పడేశాడు. నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చున్నాడు. "ఆ బోర్డు మాకేనా బావా? నీకు లేదా? ఉండు, కొనకనమిట్ల పెద్దమ్మకు కబురు చేస్తా. రబ్బరు పోతే ఇప్పుడు ఎవరి దగ్గరికి పోతావు నువ్వు?"

తర్వాత ఆయన ఏం చేస్తాడో నాకు ముందే తెలుసు. లేచి నిలబడి ఎదుటి దుకాణానికి కేకేశాడు. మాట బండి కంటే ముందు పోయింది. ఫ్యాన్సీ షాపు ముందర ఒకరు కావాలనే అడ్డం వచ్చి "యాడ కొన్నావన్నా?" అన్నారు. కిరాణా కొట్టు ముందర ఇంకొకరు. మందుల షాపాయన లోపలి నుంచి బయటికి వచ్చి మరీ అడిగాడు. తెలిసే అడుగుతున్నారు, మా ఆయన నోట వినాలని. ఆయన ప్రతిచోటా ఆగి, ముఖం ఎర్రగా పెట్టుకుని, "ఆన్‌లైన్ల" అని చెప్పి ముందుకు తోశాడు.

నేను వెనక నడుస్తూ ఒకటి గమనించాను. ఆ దారి పొడవునా ఎవరూ మోకాళ్ల సంగతి అడగలేదు. ఒక్కరూ అయ్యో అనలేదు. పిల్లను చూసి ఎవరూ తల తిప్పుకోలేదు. బజారంతా చూసింది మా ఆయననే. మలుపు దగ్గరికి వచ్చేసరికి పిల్ల చేతులు ఒడిలోంచి తీసి బండి అంచుల మీద పెట్టుకుంది. నూనె కొట్టు ముసలాయన నోరు తెరిచేలోపే తనే అంది.

"ఆన్‌లైన్ల తాతా. మా నాయన."

బడి గేటు దగ్గర పలక మడిచింది, బెల్టు లాగింది, దిగింది. బిగుసుకున్న కాళ్లతో మెల్లగా, ఎవరి చేయీ పట్టకుండా క్లాసు వైపు నడిచింది. ఆయన ఖాళీ బండి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "పద, దుకాణం తెరవాల" అన్నాను.

ఇప్పుడు కాళ్లు బాగున్న రోజు నడుస్తుంది, బాగా లేని రోజు బండిలో పోతుంది. బడి మానడం తగ్గింది. సాయంత్రాలు దుకాణంలోనే ఉంటుంది, హోంవర్కు బండిలో కూర్చుని చేసుకుంటుంది. ఊళ్ల నుంచి వచ్చే కొత్తవాళ్లు, బిందె చేత్తో పట్టుకుని "పాపకు ఏమైంది?" అంటారు. ఆమె తల ఎత్తదు.

"మా నాయన దీన్ని ఆన్‌లైన్ల తెప్పించినాడు. ఆ బోర్డు చూడండి" అంటుంది.

వాళ్లు బోర్డు చూస్తారు, తర్వాత గల్లా దగ్గర కూర్చున్న మనిషిని చూస్తారు. ఆయన అవునన్నట్టు తల ఊపుతాడు. వాళ్లు నవ్వుతారు. మోకాళ్ల మాట అక్కడితో ఆగిపోతుంది.

మొదట్లో ఒకరోజు ఆయన స్టూలు వేసుకుని బోర్డు తీసేయబోయాడు. "ఉండనీ నాయనా" అంది పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆయన దిగి, స్టూలు పక్కన పెట్టాడు.

ఆ రోజు వెనక సందు మాట ఎందుకన్నాడో నేను ఇప్పటిదాకా అడగలేదు. ఆన్‌లైన్ సిగ్గు ఎంత, పిల్ల అనుకున్న సిగ్గు ఎంత అని విడదీసి చెప్పమంటే ఆయనకూ తెలియకపోవచ్చు. మొన్న బోర్డు మీద రంగు వెలిసి అక్షరాలు కనబడడం లేదని, ఎవరూ అడగకుండానే పెయింటర్‌ను పిలిపించాడు. గుమ్మంలోంచి కూడా కనబడాలని చెప్పి, ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాయించాడు.